హింగోలి దండు, సూర్యాపేట సైనికుడు

2020 జూన్ 15 రాత్రి తూర్పు లడఖ్‌లోని గల్వాన్ లోయలో ఇరవై మంది భారత సైనికులు మరణించారు. వారిలో పెద్ద హోదాలో ఉన్నవాడు కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. ఊరు సూర్యాపేట, వయసు 37 ఏళ్ళు. బిహార్ రెజిమెంటు 16వ పటాలానికి అధిపతి. చైనాతో వాస్తవాధీన రేఖ మీద ఘర్షణలో మన సైనికులు ప్రాణాలు పోగొట్టుకోవడం 1975 తర్వాత అదే మొదటిసారి. జూన్ 6న రెండు సైన్యాల కోర్ కమాండర్ల స్థాయిలో కుదిరిన ఒప్పందం ప్రకారం చైనా దళాలు 14వ గస్తీ స్థలం దగ్గర నుంచి వెనక్కి వెళ్ళాలి. వెళ్ళారో లేదో చూసి రావడానికి వెళ్ళిన దళానికి సంతోష్ బాబు నాయకుడు. అక్కడ మొదలైన తోపులాట రాళ్ళతో, కర్రలతో, మేకులు దిగ్గొట్టిన ఇనుప కడ్డీలతో కొట్టుకునే పోరాటంగా మారింది. గడ్డకట్టించే నీళ్ళలో పడి చనిపోయినవారూ ఉన్నారు. ఒక్క తుపాకీ పేలలేదు. రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996లో రెండు దేశాలు రాసుకున్న ఒప్పందం ఆ రాత్రి కూడా అమలులోనే ఉంది!

దీన్ని ఉభయ ప్రభుత్వాలూ యుద్ధం అనలేదు. అయితే మన ప్రభుత్వం 2021 జనవరిలో సంతోష్ బాబుకు మరణానంతరం ప్రకటించినది మహావీర చక్ర. అది శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇచ్చేది, పరమవీర చక్ర తర్వాతి స్థానం దానిదే. శాంతికాలపు సాహసానికి అశోక చక్ర వరుస వేరే ఉన్నది. మాట ఇవ్వని చోట పతకం ఇచ్చింది. చరిత్రకారుడు పతకాన్నే నమ్మవలసి ఉంటుంది.

ఆ లోయ పేరు గురించి ఒక మాట. నదులకు దేవతల పేర్లో రాజుల పేర్లో ఉండడం మనకు అలవాటు. గల్వాన్ నది ఒక కూలివాడి పేరు మోస్తున్నది. లేహ్‌కు చెందిన గులాం రసూల్ గల్వాన్ చిన్నతనం నుంచీ యూరోపియన్ యాత్రికుల వెంట గుర్రాలు తోలుతూ, మూటలు మోస్తూ, తర్వాత దారి చూపుతూ బతికాడు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో దారి తప్పిన ఒక బృందాన్ని ఈ నది వెంట బయటికి తెచ్చాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. తన బతుకును వచ్చీరాని ఇంగ్లీషులో తానే రాసుకున్నాడు, 1923లో అచ్చయింది. సామాన్యుడి పేరు పటంలోకి ఎక్కిన అరుదైన చోటు అది. ఈ వ్యాసంలో పేర్ల సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక ముందే చెప్పడం మంచిది.

నాందేడ్‌లో కూర్చుని సూర్యాపేట సైనికుడి గురించి రాయడానికి తెలుగువాడన్న అభిమానం ఒక్కటే కారణం కాదు. ఆయన ఏ రెజిమెంటులో పనిచేసి మరణించాడో, దాని వంశవృక్షాన్ని వెనక్కి చూసుకుంటూ పోతే అది పాట్నా దగ్గర ఆగదు. హైదరాబాదు మీదుగా హింగోలికి, మన నాందేడ్ ప్రాంతానికి వచ్చి చేరుతుంది. ఇది తెలుగువారికీ తెలియదు, మరాఠీవారికీ అంతగా తెలిసినట్టు కనిపించదు.

పందొమ్మిదో శతాబ్దం రెండో దశకంలో హైదరాబాదులో హెన్రీ రస్సెల్ అనే రెసిడెంటు ఉండేవాడు. నిజాం దండు పాత పద్ధతులలో ఉన్నదనీ, దానికి యూరోపియన్ కవాతు నేర్పాలనీ పట్టుబట్టి, పేష్కారు చందూలాల్ సమ్మతితో కొత్త పటాలాలు లేపించాడు. వాటికి 'రస్సెల్ బ్రిగేడ్' అనే పేరు స్థిరపడింది. జీతం నిజాం ఖజానాది, పెత్తనం ఇంగ్లీషు అధికారులది. అరబ్బులు, రోహిల్లాలు, రంజిత్ సింగ్ కాలంలో పంజాబు నుంచి వచ్చిన సిక్కులు మొదలైన వారితో నిజాం సొంత దండు వేరే ఉండేది. ఆ సిక్కుల సంతతిని నాందేడ్ పాఠకులకు పరిచయం చేయవలసిన పని లేదు. ఇక్కడ మన ప్రసక్తి రస్సెల్ లేపిన పటాలాలతోనే.

ఆ పటాలాలు మొదట పేరు తెచ్చుకున్నది మన నేల మీదనే. 1819 జనవరిలో నాందేడ్ ప్రాంతంలోని నోవా కోటను మేజర్ పిట్‌మన్ ముట్టడించాడు. కోటలో ఉన్నది హట్కర్ నాయకుడు నోవ్‌సాజీ నాయక్. హట్కర్లు గొర్రెల మందలతో ముడిపడిన చిన్న సమాజం, కత్తి పట్టడంలోనూ పేరున్నవారే. నెలాఖరుకు కోట పడింది. లోపలి మనుషులలో అధికభాగం మరణించారు. గెలిచిన పటాలాలకు 'నోవా' అనే యుద్ధగౌరవం దక్కింది, వంద ఏళ్ళ తర్వాత కూడా వాటి బిరుదుల వరుసలో ఆ పేరు ఉండేది. లండన్‌లో అచ్చయిన సైనిక జాబితాలలో నాందేడ్ పక్క పల్లె పేరు అలా నిలిచింది. చచ్చిపోయిన హట్కర్లకు మాత్రం ఏ జాబితాలోనూ చోటు లేదు. యుద్ధగౌరవం అనేది గెలిచినవారి జ్ఞాపకం.

ఆ సంవత్సరం నుంచే హింగోలిలో ఛావణి వెలసింది. బొల్లారం, ఔరంగాబాద్, జాల్నా, మోమినాబాద్, ఎలిచ్‌పూర్, లింగసుగూర్ వంటి చోట్ల కూడా ఈ పటాలాలు ఉండేవి. దండు జీతాల బాకీ పెరిగి పెరిగి చివరికి 1853 మే నెలలో నిజాం బేరారును, రాయచూరు దోఆబును, నల్దుర్గ్ వైపు జిల్లాలను ఇంగ్లీషువారి చేతిలో పెట్టవలసి వచ్చింది. అప్పటి నుంచి దాని పేరు 'హైదరాబాద్ కంటింజెంట్'. 1858లో హ్యూ రోజ్ వెంట ఝాన్సీ, కాల్పీ, గ్వాలియర్ల మీదికి నడిచినవారిలో వీరు ఉన్నారు. ఝాన్సీ లక్ష్మీబాయి మీద యుద్ధం చేసిన సిపాయిలకు జీతం హైదరాబాద్ రాజ్యపు రైతు కట్టిన శిస్తు నుంచి వెళ్ళిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో రాదు.

శిస్తు కట్టినవాడు తెలుగు రైతు, మరాఠీ రైతు, కన్నడ రైతు. మరి పటాలంలో చేరినవాడెవడు? అవధ్, రోహిల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన హిందుస్థానీలు, దక్కన్ ముస్లింలు ఎక్కువ. తెలుగు, మరాఠీ కాపుల బిడ్డలు అరుదు. నాందేడ్, దెగ్లూర్, బోధన్, నిర్మల్ ప్రాంతాల వాళ్ళకు హింగోలి ఛావణి అంటే పాలు, గడ్డి, ధాన్యం అమ్ముకునే చోటే తప్ప కొలువు దొరికే చోటు కాలేదు.

ఇది ఒక్క నిజాం రాజ్యపు సంగతి కాదు. తీరాంధ్రలో ఇంకా విచిత్రంగా జరిగింది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సిపాయిలు మొదటిసారి బెంగాలుకు వెళ్ళినప్పుడు అక్కడి జనం వారిని 'తిలంగాలు' అన్నారు. తెలంగా అంటే తెలుగువాడు. పోను పోను ఉత్తరాదిలో ఎర్రకోటు తొడుక్కున్న ప్రతి సిపాయికీ అదే పేరైంది. 1857లో ఢిల్లీ ఉర్దూ పత్రికలు తిరుగుబాటు సిపాయిలను, వారిలో తెలుగు ముక్క తెలిసినవాడు ఒక్కడూ లేకపోయినా, తిలంగాలనే రాశాయి. ఒక జాతి పేరు 'సైనికుడు' అనే మాటకు పర్యాయపదమైన సందర్భాలు చరిత్రలో ఎన్నో లేవు.

ఆ జాతినే తర్వాత సైన్యానికి పనికిరాదన్నారు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. దక్షిణాదివారిలో, ముఖ్యంగా తమిళులలో, తెలుగువారిలో పూర్వపు పోరాటగుణం చచ్చిపోయిందనీ, దీర్ఘకాలపు శాంతి వారిని మెత్తబరచిందనీ ఆయన తేల్చాడు, తన ఆత్మకథలోనూ రాసుకున్నాడు. 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతానికి అది పునాదిరాళ్ళలో ఒకటి. సిక్కు, గూర్ఖా, పఠాన్ వీరజాతులు, తెలుగువాడు కాదు. తెలుగువారి చేరికలు తగ్గుతూ వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు చాలక తలుపు మళ్ళీ తెరిచారు. యుద్ధం అయిపోగానే 1920లలో మద్రాసు పదాతి పటాలాలను రద్దు చేశారు. రెండో యుద్ధం రాగా 1940ల ఆరంభంలో తిరిగి లేపారు. అక్కర ఉన్నప్పుడు వీరుడు, లేనప్పుడు పిరికివాడు! ఈ సిద్ధాంతానికి శాస్త్రం పేరు పెట్టారు కానీ అది అవసరాన్ని బట్టి మారిన లెక్క.

ఇప్పుడు సూర్యాపేటకు వద్దాం. భానుపురి అని పాత పేరున్న ఈ పట్టణం హైదరాబాదు, విజయవాడల నడుమ రాచబాట మీద ఉంది. సంతోష్ బాబు పుట్టినది అక్కడి ఆర్యవైశ్య కుటుంబంలో, తండ్రి బ్యాంకు ఉద్యోగి. తాను సైన్యంలో చేరాలనుకుని చేరలేకపోయాననీ, కొడుకు ద్వారా ఆ కోరిక తీరిందనీ తండ్రి చెప్పగా పత్రికలన్నీ రాశాయి.

వైశ్య సమాజం గురించి మన సామెతలు ఏమంటాయో అందరికీ తెలుసు. లెక్క, తూకం, జాగ్రత్త, కొంచెం భయం. సామెతలు చెప్పుకున్నవారు ఎక్కువగా అప్పు తీసుకున్నవారు కాబట్టి వాటిని సాక్ష్యంగా తీసుకోరాదు. అంతకంటే లోతైన సంగతి మరొకటి ఉన్నది. ఆ సమాజం తన మూలకథగా చెప్పుకునేది పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి కథ. బలవంతపు పెళ్ళికి దండెత్తి వచ్చిన రాజుతో యుద్ధం వద్దని, 102 గోత్రాలవారు ఆమెతో పాటు అగ్నిప్రవేశం చేశారని ఆ కథ. చంపకుండా చావడం దాని సారం. అటువంటి స్మృతి ఉన్న సమాజం నుంచి కత్తి పట్టిన వీరుడి బొమ్మ నాలుగు రోడ్ల కూడలిలో లేవడం చిన్న మార్పు కాదు. మరాఠ్వాడాలో స్థిరపడిన తెలుగు వైశ్యులకు ఇది సులభంగా అర్థమౌతుంది. ఇంటిపేరు చివర మన 'వారు' మరాఠీ నోట 'వార్' అయి, అంగడి లెక్కలు మోడీ లిపిలోకి మారి, ఇంట్లో తెలుగు వంటింటి దాకా తగ్గిపోయిన తర్వాత కూడా వాసవీ జయంతి మిగిలింది.

సూర్యాపేట పిల్లవాడు సైనికాధికారి కావడానికి దారి వేసినది ఒక బడి. స్వాతంత్ర్యం తర్వాత కూడా అధికారుల శ్రేణిలో కొన్ని ప్రాంతాలవారు, కొన్ని కుటుంబాలవారు మాత్రమే ఉన్నారన్న విమర్శ ఉండేది. రాబర్ట్స్ పోయినా ఆయన జాబితా పోలేదు. రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ హయాంలో, 1961లో సైనిక పాఠశాలలు ప్రారంభమయ్యాయి. మొదటిది మన మహారాష్ట్రలోని సతారాలో. 1962 జనవరిలో విజయనగరం రాజుల భవనంలో కోరుకొండ సైనిక పాఠశాల తెరిచారు. ప్రవేశపరీక్ష రాసి వచ్చిన ఏ ఇంటి పిల్లవాడైనా ఆరో తరగతిలో చేరవచ్చు. సంతోష్ బాబు అలాగే ఆరో తరగతిలో చేరాడు. అక్కడి నుంచి ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీకి, తర్వాత డెహ్రాడూన్‌కు వెళ్ళి, 2004 డిసెంబరులో బిహార్ రెజిమెంటు 16వ పటాలంలో అధికారిగా చేరాడు. పదిహేనేళ్ళకు అదే పటాలానికి అధిపతి అయ్యాడు.

బిహార్ రెజిమెంటు అనగానే దాని పుట్టుక బిహారులోనే అనుకుంటాం. 1902లో బేరారును శాశ్వత కౌలుకు రాయించుకున్నాక, 1903లో కిచెనర్ హైదరాబాద్ కంటింజెంటును భారత సైన్యంలో కలిపేశాడు. హింగోలి ఛావణి అప్పుడే ఎత్తేశారు. ఆరు పదాతి పటాలాలకు 94 నుంచి 99 దాకా అంకెలు వేశారు. నోవా గౌరవం ఉన్న రస్సెల్ పటాలాలు 94, 95. వీటిలో 98వ పటాలం 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవు దగ్గర దిగి, జర్మనుల చేతిలో ఓడి, చనిపోయినవారిని అక్కడే వదిలి ఓడలెక్కవలసి వచ్చిన దళంలో ఉంది. 1922లో అన్నిటినీ కలిపి '19వ హైదరాబాద్ రెజిమెంటు' అన్నారు. పేరులో హైదరాబాదు, మనుషులలో జాట్లు, అహీర్లు, కుమావూనీలు, దక్కన్ ముస్లింలు. ఆ రెజిమెంటుకు అనుబంధంగా బిహార్ ప్రాంతంలో 11వ ప్రాదేశిక పటాలం ఒకటి ఉండేది. 1941లో దాన్ని పూర్తికాలపు సైన్యంలోకి తీసుకుని బిహార్ రెజిమెంటు మొదటి పటాలం చేశారు. మూలాన్నుంచి వేరుపడిన కొమ్మ అదే. మూలం మాత్రం 1945 అక్టోబరులో హైదరాబాద్ పేరు వదిలేసి కుమావూన్ రెజిమెంటు అయింది.

పేరు మారాక ఆ వంశంలో జరిగిన రెండు సంగతులు చెప్పుకోవాలి. 1947 నవంబరు 3న కశ్మీరులోని బడ్గాంలో మరణించి దేశపు తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ కుమావూన్ 4వ పటాలంవాడు. ఆయనకు అప్పుడు 24 ఏళ్ళు. టాంగాలో ఓడిన 98వ పటాలమే ఈ 4వ పటాలం. 1962 నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా వద్ద చైనా దళాలను ఎదుర్కొని 114 మంది మరణించిన కంపెనీ కుమావూన్ 13వ పటాలానిది. నాయకుడు మేజర్ షైతాన్ సింగ్, సైనికులు దాదాపు అందరూ హర్యానా అహీర్లు. ఆ ఎముకలు కొరికే చలిలో వారు పడిపోయిన స్థితిలోనే గడ్డకట్టి ఉండగా, మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో గాని శవాలు దొరకలేదు. యాభై ఎనిమిదేళ్ళ తర్వాత అదే లడఖ్‌లో, అదే శత్రువు ఎదుట, అదే వంశంలోని మరో కొమ్మ నిలబడింది. దాని ముందు నిలబడినవాడు ఈసారి పాత హైదరాబాద్ రాజ్యపు నేల మీద పుట్టిన తెలుగువాడు. రెండు వందల ఏళ్ళ క్రితం ఎవరి శిస్తుతో ఆ పటాలం పుట్టిందో, ఎవరిని దానిలోకి రానివ్వలేదో, ఆ ఇళ్ళవాడే దాని అధిపతి అయి మరణించాడు. దీనిలో విధిలీల ఏమీ లేదు. రాజ్యం పోయి రాజ్యాంగం రావడం, ఒక ప్రవేశపరీక్ష, ఒక బ్యాంకు ఉద్యోగి పట్టుదల, ఇవి కారణాలు.

ఆయన పక్కన పడిపోయినవారినీ చూడాలి. బిహార్ రెజిమెంటులో సగం మంది ఆదివాసీలు. బజరంగబలి పేరుతో పాటు బిర్సా ముండా పేరును యుద్ధనినాదంగా పెట్టుకున్న రెజిమెంటు అది. 1900లో ఇంగ్లీషు జైలులో మరణించిన తిరుగుబాటుదారు పేరు! గల్వాన్‌లో మరణించిన నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్ ఒడిశాకు చెందిన సంతాల్, ఆయనకు వీర చక్ర ఇచ్చారు. బెంగాలు బీర్‌భూం జిల్లాకు చెందిన సిపాయి రాజేశ్ ఒరాంగ్ కూడా ఆదివాసీ. తమిళనాడు రామనాథపురం జిల్లా హవల్దార్ పళని ఫిరంగిదళంవాడు. పంజాబు మాన్సా జిల్లా గుర్తేజ్ సింగ్‌కు ఇంకా పాతికేళ్ళు నిండలేదు. తెలుగు పత్రికలు సంతోష్ బాబును, తమిళ పత్రికలు పళనిని, ఒడియా పత్రికలు సోరెన్‌ను తలచుకున్నాయి. ఎవరి ఊరివాణ్ణి వారు ఏడవడం సహజమే. దానివల్ల ఏ ఊరూ మొత్తం ఇరవై పేర్లు నేర్చుకోలేదన్నది కూడా నిజమే.

జూన్ 18న సూర్యాపేట పక్కన కేసారంలో, కుటుంబపు సొంత పొలంలో అంత్యక్రియలు జరిగాయి. కరోనా కాలం కనుక రావాలనుకున్నవారంతా రాలేకపోయారు, దారి పొడవునా నిలబడి పూలు చల్లారు. సరిగ్గా ఏడాదికి, 2021 జూన్ 15న, పట్టణంలోని పాత కోర్టు చౌరస్తాలో కంచు విగ్రహం నిలిపి ఆ కూడలికి ఆయన పేరు పెట్టారు.

ఆ విగ్రహం ఒంటరిగా లేదు. పాత నల్లగొండ జిల్లా పల్లెలలో ఎర్రరంగు వేసిన స్థూపాలు చాలా ఉన్నాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించిన నాటి నుంచి 1951లో సాయుధపోరాటం విరమించే దాకా పడిపోయినవారి గుర్తులు అవి. వారిలో నిజాం పోలీసుల, రజాకార్ల తూటాలకు పోయినవారు ఉన్నారు. 1948 సెప్టెంబరు తర్వాత వచ్చిన భారత సైన్యం చేతిలో పోయినవారూ ఉన్నారు. ఆ సైన్యపు కల్నల్ విగ్రహం, ఆ సైన్యంతో తలపడినవారి స్థూపాలు ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. ఒకే కుటుంబం రెండింటికీ దండం పెట్టవచ్చు. ఇది పొరపాటు అనుకోనక్కరలేదు. ఊరు తన మనిషిని తలచుకుంటుంది, ఎవరి మీద పోరాడాడన్నది తర్వాతి మాట. రెండింటికీ తెలుగులో మాట ఒక్కటే, అమరవీరుడు. మరాఠీలో ఒకరిని హుతాత్మ అనీ మరొకరిని శహీద్ అనీ వేరుచేసి అంటుండడం నాందేడ్‌లో మనం రోజూ వింటున్నదే.

ఊరు తన మనిషిని తలచుకునే పద్ధతి మన నేలలో చాలా పాతది. మరాఠీవారు వీరగళ్ అనేదీ, తెలుగువారు వీరగల్లు అనేదీ ఒకే రాయి. ఆ పదంలో ఉన్న కల్లు అంటే ద్రావిడ భాషలలో రాయి. కింది అరలో పోరు, మధ్య అరలో వీరుణ్ణి ఎత్తుకుపోయే అప్సరసలు, పై అరలో శివలింగం ముందు వీరుడు. అక్షరాలు ఉన్న రాళ్ళ మీద ఫలానావాడి కొడుకు ఫలానావాడు, ఫలానా ఊరి పశువులను మళ్ళించబోయి పడ్డాడు అని ఉంటుంది. రేనాటిలో, చిత్తూరు సీమలో తొమ్మిది, పది శతాబ్దాలవి చాలా దొరికాయి. రాజు పేరు ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. పడినవాడి పేరు మాత్రం ఉంటుంది.

పెద్ద సైన్యాలు వచ్చాక ఆ పేరు పోయింది. మన మరాఠ్వాడాలోనే జాల్నా జిల్లా అస్సయేలో 1803 సెప్టెంబరు 23న జరిగిన యుద్ధంలో వెల్లెస్లీ వైపు 428 మంది చనిపోయారు. ఆయన పదాతిదళంలో రెండు యూరోపియన్ పటాలాలు, అయిదు మద్రాసు సిపాయి పటాలాలు. గెలిచిన పటాలాలకు ఏనుగు బొమ్మ చిహ్నంగా ఇచ్చారు. తిలంగాలకు దక్కినది ఆ ఏనుగు, అంతే. 1929లో ఇరాక్‌లోని బస్రాలో కట్టిన స్మారకం మీద మొదటి ప్రపంచయుద్ధంలో ఆ ప్రాంతంలో సమాధి లేకుండా పోయిన నలభై వేల మంది లెక్క ఉంది. బ్రిటిష్ సైనికుడికి పేరు చెక్కారు. భారతీయ అధికారికి పేరు చెక్కారు. భారతీయ సిపాయికి మాత్రం పటాలం పేరు కింద 'ఇంకా ఇంతమంది' అని ఒక అంకె. తాము స్మరించినది అసమానంగా స్మరించామని, లక్ష మందికి పైగా మృతులను పేరుతో స్మరించనే లేదని ఆ స్మారకాలు చూసే సంస్థ 2021లో తానే ఒక నివేదికలో ఒప్పుకున్నది. ఢిల్లీ ఇండియాగేటు మీద పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి, కానీ ఆ గోడ ఎత్తు మీద వాటిని చదవగలిగేవాడు లేడు. 2019 ఫిబ్రవరిలో దాని పక్కనే తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో పేర్లు కంటికి అందే ఎత్తులో, ఒక్కో గ్రానైట్ ఇటుక మీద ఒక్కో పేరుగా ఉన్నాయి. గల్వాన్ ఇరవై పేర్లు 2021 జనవరి నాటికి అక్కడికి చేరాయి. సోరెన్, ఒరాంగ్, పళని, సంతోష్ బాబు ఒకే కొలత రాళ్ళ మీద ఉన్నారు. అధికారికి పెద్ద రాయి, సిపాయికి చిన్న రాయి లేదు. కట్టడంగా అది నాకు అంతగా నచ్చదు గాని, ఈ ఒక్క విషయంలో బస్రా మీద అది గెలిచింది.

స్వతంత్ర భారతం కోసం మరణించినవారికి అలా చోటు దొరికింది. అంతకు ముందటివారి సంగతి మిగిలే ఉంది. మన విభాగం విద్యార్థులు జానపద సాహిత్యం కోసం దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల తెలుగు ఇళ్ళకు వెళ్తూనే ఉంటారు. పాట అడిగిన ఇంట్లోనే ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు. మీ ఇంటి నుంచి ఎవరైనా దండుకు పోయారా, పోయి రానివారున్నారా అని. పాత పింఛను కాగితం, డిశ్చార్జి పుస్తకం, అరిగిపోయిన పతకం, గోడ మీద ఫొటో ఏది కనిపించినా మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలం అంకె ఈ నాలుగూ రాసుకుంటే చాలు. పతకం అంచు మీద సైనికుడి అంకె, పేరు సన్నని ఇంగ్లీషు అక్షరాలలో చెక్కి ఉంటాయి. భూతద్దం వెంట తీసుకుపోవాలి.